బంతి లేని పరుగు

ఎమిల్ హుడాక్ అబద్ధం ఆడడు. ఆ మాట ఆయనే చెబుతాడు, రోజుకి నాలుగైదుసార్లు, ఎవరూ అడక్కుండానే. బ్లాక్ రన్ ఊళ్ళో జనం మాత్రం ఆయన నోట్లోంచి ఏ లెక్క వచ్చినా ముందు సగానికి కోసి, ఆ సగంలోంచి ఇంకాస్త తరుగు తీసి, అప్పుడు నమ్మేవాళ్ళు. అంత తరుగు పోయాక కూడా కాస్తో కూస్తో మిగిలేది. ఆ మిగిలినదాంట్లో నిజమెంతో ఎవరూ ఆరా తీయలేదు.

పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లో ఊరది. అక్కడ స్లోవాకుల చర్చి కింది హాల్లో ప్రతి గురువారం పొద్దున పిరోగీలు చేస్తారు. ఉద్యోగాలు అయిపోయి ఇంట్లో తోచనివాళ్ళంతా పొడుగాటి బల్లల చుట్టూ కూర్చుని, గుండ్రంగా కోసిన పిండి రేకులో బంగాళాదుంప ముద్ద పెట్టి, కజ్జికాయకి నొక్కినట్టే అంచు నొక్కి పళ్ళేల్లో పేరుస్తారు. మర్నాడు ఊరంతా వచ్చి కొనుక్కుపోతుంది. చేతులకి పని ఉంటుంది, నోటికి ఉండదు, కాబట్టి కోతలు కోయడానికి ఆ లోయ మొత్తమ్మీద అంతకన్నా అనువైన చోటు లేదు.

ఆ హాలుకి పెత్తనం హెలెన్‌ది. ఎనభై రెండేళ్ళావిడ. తేతా హెలెన్ అంటారందరూ. తేతా అంటే వాళ్ళ భాషలో పిన్ని. అరవై ఆరేళ్ళ ఎమిల్‌కీ ఆవిడ పిన్నే, ఆవిడకన్నా రెండేళ్ళు పెద్దయిన పాదిరిగారికీ పిన్నే. ఎమిల్‌ని ఆవిడ ఎప్పుడూ తన ఎదురుగా కూర్చోబెట్టుకుంటుంది, ప్రేమతో కాదు. ఆయన నోరు ఊపందుకున్నప్పుడల్లా వేళ్ళు ఆగిపోతాయి, నొక్కిన అంచు వదులుగా ఉంటుంది, అవి ఉడికేటప్పుడు నీళ్ళలో పగులుతాయి.

ఆ గురువారం మాత్రం ఎమిల్ తేతా ఎదురుగా కూర్చోలేదు. సరాసరి వెళ్ళి సాల్ పెట్రిల్లో పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఎందుకంటే సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుంది. హైస్కూలు మైదానం గేటు దగ్గర నల్లరాతి పలక ఒకటుంది, దానిమీద ఈ లోయ ఫుట్‌బాల్ మనుషుల పేర్లు చెక్కిస్తారు. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, బంతిని పొట్టకి హత్తుకుని పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు మీదపడి ఆపే అమెరికా ఆట. ఆ పలక మీద ఇంకొక్క పేరుకే చోటుంది. ఆ కమిటీలో ముగ్గురూ ఈ బల్ల దగ్గరే ఉన్నారు. మంగలి షాపు సాల్, కుర్రతనంలో ఆడినవాడు. మార్జ్ డోలన్, స్కూలు ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి, కమిటీ పుస్తకం ఆవిడ చేతిసంచీలోనే ఉంటుంది. ఇక మూడోవాడు బెర్నీ షిమ్కస్. మైదానంలో సున్నపు గీతలు గీసేది ఆయనే. బల్ల చివర కూర్చుని గాజు గ్లాసుతో పిండిలో గుండ్రాలు కోస్తూ ఉంటాడు. నెలకి ఓ పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఎమిల్‌ని ఆ కమిటీ ఇప్పటికి రెండుసార్లు వెనక్కి పంపింది. రూలు ప్రకారం ఆ రాతి మీదికి ఎక్కాలంటే ఆడినవాడన్నా అయ్యుండాలి, ఆట నేర్పినవాడన్నా అయ్యుండాలి. ఎమిల్ రెండూ కాదు. చిన్నప్పుడు సోడాబుడ్డి కళ్ళద్దాలు చూసి కోచ్ గేటు దగ్గరే ఇంటికి పొమ్మన్నాడు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆట మీదకి కెమెరా తిప్పుతూ బతికాడు తప్ప బంతి ముట్టలేదు. ఈసారి ఆయనకి పోటీ కార్ల వ్యాపారి హ్యారీ బ్రెనెమన్. ఆ మహానుభావుడు స్కూలు రోజుల్లో ఒక సీజనంతా బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నా సరే, జట్టు చొక్కా తొడిగాడు కాబట్టి ఆడినవాడి కిందే జమ. పైగా మైదానానికి కొత్త స్కోరుబోర్డు కొనిచ్చాడు. ఈ సంగతి తలుచుకుంటే ఎమిల్‌కి ఒళ్ళు మండిపోయేది. ఆ రాతి మీద పేరు కావాలి ఆయనకి. ఇంకేదీ అంతగా కోరుకోలేదు, కోరుకోవడం లేదని అబద్ధమూ చెప్పలేదు.

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పుకోను," అని మొదలుపెట్టాడు. అలా మొదలైందంటే గంట పడుతుందని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి తెలుసు. "నేను చేసిందల్లా కిందికి దిగడం."

కిందికి దిగడమంటే స్కూలు మేడ మీంచి. ఆ రోజుల్లో ఎమిల్ ఊళ్ళో సినిమా హాలు ఆపరేటరు. రీళ్ళు తిప్పడం తెలుసు కాబట్టి కెమెరా కూడా తెలిసే ఉంటుందని కోచ్ ఒక కీ ఇచ్చే కెమెరా చేతికిచ్చి మేడెక్కించాడు. అప్పుడు ఆటని ఫిల్మ్ తీయడమంటే అంతే, మేడ మీంచి ఇరవై రెండు మంది చీమల్లా కనబడాలి, ఎవడెక్కడ నిలబడ్డాడో కోచ్ లెక్కచూసుకోవాలి. పంతొమ్మిదివందల నలభై తొమ్మిది అక్టోబర్లో ఒక శనివారం నిచ్చెన కనబడలేదు, చర్చి గంటకి రంగేయడానికి ఎవరో పట్టుకుపోయారట. ఆట మొదలైపోతోంది. ఎమిల్ వేరే గతిలేక మైదానం అంచున, గీత పక్కన, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"కూర్చుని కన్ను ఆనించానా," అన్నాడు, "చీమలు లేవు. మనుషులున్నారు. మడమ దగ్గర్నుంచి మట్టి పెళ్ళ లేచి గాల్లో తిరుగుతోంది. ఒకడి ముక్కులోంచి పొగ. ఇంకొకడి వేళ్ళ కణుపులు చీరుకుపోయి నెత్తురు. కెమెరా మీద ఒక చక్రం ఉంటుంది, దాన్ని చివరిదాకా తిప్పితే లోపల ఫిల్మ్ జోరుగా పరిగెడుతుంది, తెర మీద మనిషి నిదానంగా కదులుతాడు. ఆ చక్రం తిప్పేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

కోచ్ ఆ ఫిల్మ్ చూసి కుర్చీ తన్నేశాడు. ఇందులో ఆట ఎక్కడుందయ్యా, అన్నీ ముక్కులే, అన్నాడట. తర్వాతి వారం నుంచి బావమరిదిని మేడెక్కించాడు. ఎమిల్ మాత్రం మళ్ళీ మేడ మొహం చూడలేదు, సొంతానికి ఒక కెమెరా సంపాదించి గీత పక్కనే ఉండిపోయాడు.

"ఇంతవరకూ నిజమే," అన్నాడు సాల్. "ఇక్కడితో ఆపెయ్ రా, బావుంటుంది."

ఆపితే ఎమిల్ ఎందుకవుతాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలో ఒక ఫిల్మ్ కంపెనీవాళ్ళు ఆయన తీసిన ముక్క చూసి కబురుపెట్టారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పెద్ద జట్ల ఆటలకి గీత పక్కన మోకాళ్ళేసింది తనేనట, తనని చూసి మిగతావాళ్ళు మేడలు దిగారట. గీత పక్కన కూర్చుంటే ఆటగాళ్ళు వచ్చి మీద పడరా అని మార్జ్ అడిగింది. పడ్డారు, ఇన్నేళ్ళలో తన మీద పడి ఎంతమంది పక్కటెముకలు విరగ్గొట్టుకున్నారో ఆసుపత్రివాళ్ళని అడగమన్నాడు. కొన్ని జట్లవాళ్ళు ఆట ముందు రోజు ఉత్తరాలు రాసేవాళ్ళట, అయ్యా, రేపు దయచేసి అవతలి జట్టు వైపు కూర్చోండి అని.

ఫిల్మ్‌కి సంగీతం పెట్టిందీ తనే. అంతకు ముందు ఊరేగింపు బాకాలు పెట్టేవాళ్ళు, వింటే ఎన్నికల ప్రచారంలా ఉండేది. ఎమిల్ ఏం చేశాడంటే, గనిలో పోయినవాళ్ళ వెనకాల మనవాళ్ళు వాయించే డప్పు ఉంది చూశారూ, నడకకి ఒక దెబ్బ, ఆ డప్పు తీసుకెళ్ళి ఫుట్‌బాల్‌కి కట్టాడు. మొదటిసారి వేసినప్పుడు ఫిలడెల్ఫియాలో హాలు హాలంతా టోపీలు తీసి లేచి నిలబడిందట. ముగ్గురు ఆడవాళ్ళు, భర్తలు పక్కనే కూర్చునుండగా, విధవలమైపోయామని ఏడ్చారట.

"వేళ్ళు," అంది తేతా హెలెన్.

ఎమిల్ గబగబా రెండు నొక్కి పళ్ళెంలో పడేసి ఉత్తరాన గ్రీన్ బే ఊరి చలికి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక డిసెంబర్లో చలి ఎంతంటే రిఫరీ వేసిన ఈల గాల్లో గడ్డకట్టి కాసేపాగి వినబడేదట. ఆట అయిపోయింది, జనం వెళ్ళిపోయారు, ఎమిల్ కన్ను మాత్రం కెమెరాకి అతుక్కుపోయి ఊడిరాలేదు. కెమెరా మొహానికి ఉండగానే రైలెక్కాడు. టికెట్టు కలెక్టరు రెండు టికెట్లు అడిగాడు. ఇంటికొచ్చాక ఆయన భార్య ఐరీన్ ఆ కెమెరా పక్కనుంచి చెంచా పోనిచ్చి మూడు రోజులు బీట్‌రూట్ సూపు తాగించింది. డాక్టరు గోరువెచ్చటి నీళ్ళు పోసి ఊడదీశాక చూస్తే లోపల ఫిల్మ్ ఆగనే లేదు, ఆ మూడు రోజులూ తిరుగుతూనే ఉంది. ఐరీన్ చెంచా నిదానంగా, మహా గంభీరంగా దగ్గరికొస్తున్న ఫిల్మ్ ఆయన దగ్గర ఇప్పటికీ ఉందట.

"ఐరీన్‌కి బీట్‌రూట్ సూపు చేతకాదు," అంది తేతా. "ఆ ఇంట్లో ఎన్నడూ ఉడకలేదు."

"ఆ మూడు రోజులు పక్కింటావిడ చేసింది, తేతా," అని ఎమిల్ తడుముకోకుండా సర్దేసి, అక్కణ్ణుంచి ఒక్క దూకుతో షికాగో పొగమంచులో పడ్డాడు. ఆ మంచులో ఎవడి చెయ్యి వాడికి కనబడలేదు. బంతి ఎటుపోయిందో కోచ్‌లకి తెలీదు, ఆటగాళ్ళకి తెలీదు, బంతి ఉన్నవాడికి కూడా తెలీదు. ఎమిల్ ఒక్కడు బురద వాసన పట్టుకుని కెమెరా తిప్పుతూ పోయాడు. రిఫరీలు ముగ్గురూ వచ్చి, అయ్యా గోలు అయిందో లేదో మీ ఫిల్మ్ చూసే చెప్పగలం అన్నారట. ఫిల్మ్ కడిగి రావడానికి మూడు రోజులు పట్టింది. అంతవరకూ ఆట ఆపడానికి వీల్లేదు, కదలడానికీ వీల్లేదు. ఇరవై రెండు మందీ ఎక్కడివాళ్ళక్కడే వంగి నిలబడ్డారు. భార్యలు డబ్బాల్లో తిండి తెచ్చి తినిపించి పోయారు. నాలుగో రోజు ఈల మోగింది.

"ఇవన్నీ బయటి సంగతులండీ," అంది మార్జ్. ఆవిడ ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు, కానీ రూలు రూలే. "రాయి ఈ లోయది. మీరు ఇక్కడ ఆడలేదు, నేర్పలేదు. సాయంత్రం నేను పుస్తకంలో ఏమని రాయను?"

ఎమిల్ చేతిలో ఉన్న పిరోగీ బల్ల మీద పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇంతసేపూ తిరిగిన గొంతు వేరు, ఇప్పుడొచ్చిన గొంతు వేరు.

"బంతి ముట్టనివాడు ఫుట్‌బాల్ మనిషి కాడు, అంతేగా మీ రూలు? మీ రాతి మీద అరవై రెండు పేర్లున్నాయి. వాళ్ళలో ఒక్కడు ఎలా పరిగెత్తేవాడో మీ రాయిని చెప్పమను. చెప్పలేదు. నా ఫిల్మ్ డబ్బాలు చెబుతాయి. ఆ పేర్లలో ఒకడు, గొంతు నులిమే గని దగ్గొచ్చి పోయిన మైక్ టోకర్, నా దగ్గర ఇంకా పరిగెడుతున్నాడు, నోట్లోంచి పొగ వస్తోంది వాడికి. ఆ బ్రెనెమన్ బెంచీని నేను తీయలేదు, ఫిల్మ్ దండగని. అదే పొరపాటైపోయింది."

సాల్ నవ్వాపుకుంటూ, సరే, ఈ లోయలో నువ్వు చేసిందేదో అదే చెప్పు మరి, అన్నాడు. ఎమిల్ బల్ల చివరికి చెయ్యి చాచి చూపించాడు.

"అదుగో. నేను చేసింది గ్లాసుతో పిండి కోస్తోంది."

బెర్నీ తలెత్తలేదు. ఎమిల్ చెబుతున్నది బెర్నీ పరుగు గురించని అందరికీ తెలుసు. నలభై తొమ్మిది థాంక్స్‌గివింగ్ నాడు హార్లెన్ ఊరితో ఆట. ఏటా ఆ పండగనాడు ఆడేది ఆ ఊరితోనే, ఏటా ఓడేదీ ఆ ఊరితోనే. ఆ రోజు చివరి నిమిషాల్లో బ్లాక్ రన్‌వాళ్ళు ఒక మోసం పన్నారు. బంతి పంచేవాడు దాన్ని బెర్నీ పొట్టలో పెట్టినట్టే పెట్టి, పెట్టకుండా, తొడ వెనక దాచి రే కెస్లర్‌కి అందించాడు. బెర్నీ రెండు చేతులూ పొట్ట మీద మడిచి, లేని బంతిని ఉన్నట్టే పట్టుకుని ఒక పక్కకి పరిగెత్తాడు. హార్లెన్ జట్టంతా ఆయన వెనకపడింది. రే రెండో పక్క నుంచి తీరిగ్గా వెళ్ళి గోలు గీత దాటాడు. ఎనిమిదేళ్ళ తర్వాత గెలిచిన ఆట అది.

ఎమిల్ కెమెరాలో మాత్రం రే లేడు. ఫ్లారిడాలో స్థిరపడిన ఆ రే ఇప్పటికీ క్రిస్మస్ కార్డులో ఆ సంగతి ఎత్తిపొడుస్తాడు. ఉన్నదల్లా బెర్నీ. తెర నిండా బెర్నీ, నిదానంగా, మీద మనుషులు వేలాడుతుండగా. ఫిలడెల్ఫియావాళ్ళు చూసి కబురుపెట్టింది ఆ ముక్కకే.

"తొంభై గజాలు పరిగెత్తాడు," అన్నాడు ఎమిల్. "తొమ్మిది మంది మీదెక్కారు. భుజాలకి ఇద్దరు, నడుముకి ముగ్గురు, కాళ్ళకి నలుగురు. పదోవాడు ఎక్కడానికి చోటు లేక పక్కన నడుస్తున్నాడు. వాళ్ళ బ్యాండువాడొకడు డోలుతో సహా తగులుకున్నాడు. అయినా వీడి పరుగు ఆగలేదు. ఆ మొహం చూడాలి మీరు. దవడ బిగుసుకుపోయి, పెదవి పంటి కింద నలిగిపోయి, కళ్ళలో నీళ్ళు. ఫిలడెల్ఫియాలో కంపెనీ పెద్దాయన ఆ మొహం దగ్గర ఫిల్మ్ ఆపించి, ఇందులో యుద్ధం ఉందయ్యా అన్నాడు. ఇప్పుడు అసలు సంగతి చెబుతా వినండి. స్టేడియంలో ఆరువేల మంది, అందరి కళ్ళూ బంతి కోసమే. వాళ్ళ కోచ్ మోసపోయాడు, మన కోచ్ బావమరిది మేడ మీద మోసపోయాడు. నేను మోసపోలేదు. బంతి బెర్నీ దగ్గర లేదని నాకు తెలుసు. తెలిసే వాణ్ణి పట్టుకున్నా. బంతి ఉన్నవాణ్ణి ఎవడైనా తీస్తాడు. బంతి లేనివాడి పరుగు తీయాలని ఆ క్షణాన ఈ బుర్రలో పుట్టింది. నేను కనిపెట్టింది అది. ఈ దేశంలో ఎవడూ ఆటలో నన్ను బురిడీ కొట్టించలేదు, ఆ రోజూ కొట్టించలేదు. రాయండి మార్జ్, మీ పుస్తకంలో. ఈ లోయలో ఆట ఎలా చూడాలో నేర్పినవాడు అని రాయండి. నేర్పినవాడే కదా మీ రూలు?"

మార్జ్ సాల్ వైపు చూసింది. ఆ మాట రూలుకి కాస్త ఆనినట్టే ఉంది. సాల్ గడ్డం గోక్కుని, నేర్పడమంటే నేర్పడమే, ఆలోచించొచ్చు, అన్నాడు. ఎమిల్ రాతి మీద తన పేరు ఎంత పొడుగొస్తుందో కూడా లెక్కేసుకున్నాడు.

గాజు గ్లాసు చప్పుడు ఆగింది.

"ముప్పై రెండు గజాలు," అన్నాడు బెర్నీ. "నలుగురు."

ఎమిల్ తేలిగ్గా చెయ్యి ఊపాడు. సరే ముప్పై రెండే, సరే నలుగురే, లెక్క తగ్గినంత మాత్రాన కథ తగ్గదు, అన్నాడు.

"ఇంకోటుంది." బెర్నీ గ్లాసుకి అంటిన పిండి వేలితో తీస్తున్నాడు. "నువ్వు నా పక్కనే గీత మీద పరిగెత్తావు. కెమెరా కంటికి పెట్టుకునే. నా మీద ఒకడెక్కాడు, రెండోవాడెక్కాడు. అప్పుడు నువ్వు అరిచావు. ఏమని అరిచావో గుర్తుందా, ఎమిల్?"

ఆ కెమెరాకి చెవుల్లేవు, కీ ఇచ్చి తిప్పే కెమెరాలో మాట పడదు. ఆ అరుపు విన్నవాడు లోకంలో ఒక్కడే, ఆ ఒక్కడూ నలభై ఏళ్ళుగా నోరు విప్పలేదు.

"బంతి వదలకు బెర్నీ, రెండు చేతులా పట్టుకో, జారనివ్వకు అని," అన్నాడు బెర్నీ. "మళ్ళీ మళ్ళీ అరిచావు. నా చేతుల్లో గాలి తప్ప ఏమీ లేదు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే హార్లెన్‌వాళ్ళకి దొరికిపోతానని పెదవి కొరుక్కున్నా. కళ్ళలో నీళ్ళు అందుకే. నువ్వు యుద్ధం అంటున్నావే, అది అదే."

సాల్ బల్ల మీద తల ఆనించి భుజాలు ఊగేలా నవ్వాడు. తేతా హెలెన్ చేతిలో రేకు అలాగే పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. మార్జ్ చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. బెర్నీ నవ్వలేదు.

"నేను రెండేళ్ళు ఆడాను," అన్నాడు. "ఒక్క గోలు చేయలేదు. నా పని ముందు పరిగెత్తి దెబ్బలు తినడం, వెనకవాడికి దారివ్వడం. ఆ పని ఎవరికీ గుర్తుండదు, గుర్తుండాలనీ లేదు. కానీ ఆ ఒక్కరోజు ఒక్క పని బాగా చేశా. లేని బంతిని ఉందనిపించా. హార్లెన్ జట్టు నమ్మింది. మా అమ్మ నమ్మింది. నువ్వు మూడడుగుల దూరంలో ఉండి, కెమెరాలోంచి నా మొహంలో మొహం పెట్టి చూస్తూ కూడా నమ్మావు. అంత బాగా చేశా. నువ్వేమో నలభై ఏళ్ళుగా నేను నమ్మలేదు, నాకు ముందే తెలుసు అని ఊరూరా చెప్పుకు తిరుగుతున్నావు. నా దగ్గరున్నది అదొక్కటే, ఎమిల్. అదీ లేదంటే ఎలా?"

బల్ల దగ్గర నవ్వు ఆగిపోయింది.

ఎమిల్ నోటి చివరికి ఒక జవాబు వచ్చింది. అలాంటి జవాబులకి ఆయన దగ్గర ఎప్పుడూ కొదవలేదు. నిన్ను ఉత్సాహపరచడానికే అరిచానురా, హార్లెన్‌వాళ్ళు ఇంకా నమ్మాలనే అరిచాను, నీ మోసంలో నేనూ ఒక చెయ్యి వేశాను అని ఒక్క మాట అనేస్తే చాలు. సాక్ష్యం లేదు. కథ నిలబడుతుంది, ఇంకా పెద్దదవుతుంది, రాతి మీద పేరు పడుతుంది. ఆ మాట అనకపోతే ఆయన మోసపోయి గురి తప్పిన ఒక కెమెరావాడు, అంతకు మించి ఏమీ లేదు. ఆయన బెర్నీ చేతుల వైపు చూశాడు. పిండి అంటిన ఆ రెండు చేతులూ ఖాళీగా బల్ల మీద ఉన్నాయి.

"నమ్మాను," అన్నాడు.

ఎమిల్ ఇంకోసారి, ఈసారి కోపంగా, ఎవరో కాదన్నట్టు, "నమ్మానయ్యా. పూర్తిగా నమ్మాను," అన్నాడు. "నువ్వు కిందపడ్డాక ఆ నలుగురూ లేచారు. నీ కింద బంతి లేదు. జారిపోయిందనుకున్నా. మోకాళ్ళ మీద కూర్చుని బురదలో వెతికాను. అవతల జనం రే పేరు పెట్టి కేకలేస్తున్నారు, నేనింకా వెతుకుతూనే ఉన్నా. ఫిల్మ్ కడిగి వచ్చాక గోడ మీద వేసి, బంతి ఎక్కడ జారిందో చూద్దామని మళ్ళీ మళ్ళీ వేసుకున్నా. జారడం కనబడలేదు. అప్పుడు తెలిసింది. అంతలోపల ఫిలడెల్ఫియావాళ్ళు చూసి, బంతి లేనివాణ్ణి తీయాలని నీకెలా తట్టిందయ్యా అన్నారు. నేను మాట్లాడకుండా నవ్వాను. ఆ తర్వాత ఆ మాట నాదైపోయింది."

బెర్నీ తల మెల్లిగా ఊపాడు. ఆయన చెంపలు కాస్త ఎరుపెక్కాయి, కుర్రవాణ్ణి పొగిడినప్పుడు ఎక్కినట్టు. మళ్ళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

సాల్ కళ్ళు తుడుచుకుని కొంచెం బాధగానే చెప్పాడు, ఇప్పుడు ఇక చేయగలిగిందేం లేదని. తెలిసి తీశాడంటే ఆట చూడటం నేర్పాడని రాసుకోవచ్చు. తెలీక తీశాడని ఆయన నోటితోనే చెప్పాడు. ఆడలేదు, నేర్పలేదు. బ్రెనెమన్ కనీసం బెంచీ మీదన్నా కూర్చున్నాడు. మార్జ్ కూడా తల వంచుకుని అవునంది. ఎమిల్ వాదించలేదు. వాదించకుండా ఆయన కూర్చోవడం ఆ బల్ల దగ్గర ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"ఎమిల్ ఆడాడు," అన్నాడు బెర్నీ.

సాల్ ఆయన వైపు తిరిగాడు. "ఎప్పుడు రా?"

"ఆ రోజే. బంతి ముట్టడమే లెక్కయితే ఆ పరుగులో నేనూ ముట్టలేదు, పోయి జట్టు పట్టీలోంచి నా పేరు చెరిపెయ్యండి." బెర్నీ గొంతు ఎప్పుడూ అంత పెద్దగా లేవలేదు. "నా పని అవతలివాళ్ళని బోల్తా కొట్టించడం. బోల్తా పడటం వాళ్ళ ఆట. ఎమిల్ గీత మీద ముప్పై రెండు గజాలు నాతో పరిగెత్తాడు, బంతి కోసం నా వెనకపడ్డాడు, బోల్తా పడ్డాడు. హార్లెన్‌కి ఆ రోజు మైదానంలో పన్నెండు మంది ఉన్నారు. పన్నెండోవాడు వీడు. ఆడాడు, ఓడిపోయాడు. ఓడిపోయినంత మాత్రాన ఆడలేదని ఎక్కడుంది రూలు? రాసుకో, మార్జ్. నా ఓటు వీడికి."

మార్జ్ చేతులు తుడుచుకుని సంచీలోంచి పుస్తకం తీసింది. సాల్ కాసేపు బెర్నీని చూశాడు, కాసేపు ఎమిల్‌ని చూశాడు. ఆ తర్వాత పిండి చెయ్యి పైకెత్తాడు. రూల్లో ఏ జట్టో రాసి లేదులే, అన్నాడు. ఆటగాడు అని రాసి, సంవత్సరం వేసి, ఏ జట్టు తరఫున అని వేయమంటారు అని మార్జ్ అడిగింది. ఆవిడకి అది నిజంగానే సందేహం.

ఎమిల్ ఎదురుగా ఉన్న పిరోగీ అందుకుని అంచు గట్టిగా నొక్కడం మొదలుపెట్టాడు. తలెత్తలేదు. కళ్ళద్దాలు తడిసిపోయి ఆయనకి పెద్దగా ఏమీ కనబడటం లేదు.

"హార్లెన్ అని గనక చెక్కించారో," అన్నాడు, "సుత్తి పట్టుకుని నేనే వస్తా."